కూరగాయల శుభ్రత పొలం నుంచే మొదలవ్వాలి

కొత్తిమీర, క్యారెట్, కీర దోస పైకి ఎంత తాజాగా కనిపించినా వాటిపై ఈ.కోలి, సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా ఉండవచ్చు. మలం కలిసిన నీరు, పచ్చి పేడ, మురికి చేతుల ద్వారా ఇవి కూరగాయలకు అంటుకుంటాయి. బాగా ఉడికిస్తే చనిపోతాయి. కాబట్టి పచ్చిగా తినే వాటితోనే ఎక్కువ ప్రమాదం.

నింద ముందు, నిజం తరువాత

2011 మే నెలలో జర్మనీలో ఈ.కోలి సోకి వేలమంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. స్పెయిన్ నుంచి వచ్చిన కీర దోసే కారణమని అక్కడి అధికారులు మొదట ప్రకటించారు. కొనేవారు లేక స్పెయిన్ రైతులు పంటను పారబోశారు. తీరా చూస్తే కారణం మెంతి మొలకలని తేలింది. యూరప్ రైతులకు 20 కోట్ల యూరోలకు పైగా పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. 2024లో అమెరికాలో బర్గర్లలో వేసిన పచ్చి ఉల్లి ముక్కల వల్ల 104 మంది ఈ.కోలి బారిన పడ్డారు.

ఈ ఘటనలు చిన్న రైతుకు చెప్పేది ఒకటే. అనుమానం రాగానే ధర పడిపోతుంది, నిజం తేలేసరికి పంట పాడైపోతుంది. హైదరాబాద్ దిగువన వేరే నీరు లేక మూసీ నీటితో ఆకుకూరలు పండించే రైతులున్నారు. మార్కెట్లో కట్టలు కలిసిపోయాక ఏది మురుగునీటి పంటో, ఏది బోరు నీటి పంటో కొనేవారికి తెలియదు. ఆ భయం అందరి ధరపైనా పడుతుంది.

పొలంలో జాగ్రత్తలు

• పచ్చిగా తినే పంటలకు బోరు నీరు వాడాలి. కాలువ నీరే దిక్కయితే డ్రిప్ ద్వారా మొదళ్లకే ఇవ్వాలి, ఆకులపై పడనీయకూడదు.

• బాగా చివికిన పశువుల ఎరువే వేయాలి. నేలను తాకే పంటలకు పచ్చి పేడ వేస్తే కోతకు కనీసం 120 రోజుల గడువు ఉండాలని అమెరికా సేంద్రియ నిబంధనలు చెబుతున్నాయి. నెలా నెలన్నరలో కోతకొచ్చే ఆకుకూరల్లో పచ్చి పేడకు తావే లేదు.

• జీవామృతంలోనూ పచ్చి పేడ ఉంటుంది. దాన్ని నేలకే ఇవ్వాలి, కోత దగ్గరపడ్డాక ఆకులపై పిచికారీ చేయకూడదు.

కోత తరువాత

చాలాచోట్ల ముల్లంగి, క్యారెట్, ఆకుకూరలను దారిలోని కాలువలోనో కుంటలోనో కడుగుతారు. మట్టి పోతుంది కానీ కొత్తగా బ్యాక్టీరియా అంటుకుంటుంది. మార్కెట్లో వాడకుండా చల్లే నీరూ అంతే. వంద కట్టలు ఒకే తొట్టిలో ముంచితే ఒక కట్టపై ఉన్నది మిగతా వాటికీ పాకుతుంది.

ముందు బోరు నీటితో మట్టి పోయేలా కడగాలి. తరువాత 100 లీటర్ల శుభ్రమైన నీటికి, 30-33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 15 గ్రాములు వాడాలి. పౌడర్‌ను బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట నీటినే తొట్టిలో పోయాలి. కూరగాయలను 5 నిమిషాలు ఉంచి మళ్లీ మంచినీటితో కడగాలి. తొట్టి నీరు మురికైతే క్లోరిన్ పనిచేయదు, వెంటనే మార్చాలి. నిల్వ ఉన్న పాత పౌడర్‌కు బలం తగ్గిపోతుంది. ఎరువుల సంచుల్లో కాకుండా కడిగిన ప్లాస్టిక్ ట్రేలలో సరుకు పంపాలి.

ఇంట్లో

పారే మంచినీటి కింద చేత్తో రుద్ది కడగాలి. ఆకుకూరలను విడదీసి రెండు మూడుసార్లు నీళ్లు మార్చి కడగాలి. సబ్బు, డిటర్జెంట్ వాడకూడదు. కోశాక కాకుండా కోయకముందే కడగాలి. ఎంత కడిగినా బ్యాక్టీరియా తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. పగుళ్లలోకి, కోసిన చోటికి చేరినదాన్ని నీరు తీయలేదు.

అందుకే పొలంలో అంటనీయకపోవడమే అసలు శుభ్రత. ఏ నీరు పెట్టారో, ఏ ఎరువు ఎప్పుడు వేశారో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. రేపు మీ పంటపై అనుమానం వస్తే మీ దగ్గర చూపించడానికి ఉండేది అదే.