విమానాలు లెక్కపెట్టే ముందు

విద్యార్థులారా!

మీలో చాలామందికి యుద్ధ విమానాల బొమ్మలు సేకరించే సరదా ఉంటుంది. మా తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు నోటుపుస్తకం వెనక పేజీలో దేశాల పేర్లు వరసగా రాసి, ఏ దేశానికి ఎన్ని విమానాలున్నాయో ఎదురుగా వేసుకుంటారు. ఆ పట్టిక నాకు చూపించి "సార్, ఎవరు గొప్ప?" అని అడుగుతారు. ఎక్కువ అంకె ఎవరి ఎదురుగా ఉంటే వాళ్లే గొప్ప అని వాళ్ల ఉద్దేశం.

ఆ లెక్కతో నాకు పేచీ ఉంది. ఎందుకో చెప్పడానికి ఇండొనేసియా వైమానిక దళం సంగతులు కొన్ని మీ ముందు పెడతాను. ఆ తరువాత తీర్పు మీరే చెప్పండి.

ముందు అట్లాసు తెరవండి. ఇండొనేసియా వేల దీవుల దేశం. పడమటి కొసన ఉన్న సుమత్రా నుంచి తూర్పున ఉన్న పపువా దాకా 5,000 కిలోమీటర్లకు పైగా దూరం. మధ్యలో సముద్రమే సముద్రం. ఇలాంటి దేశానికి విమానం దర్పం కోసం కాదు. మనకు రోడ్డూ రైలూ ఎంత అవసరమో, వాళ్లకు విమానం అంత అవసరం.

పాత విమానం, కొత్త రంగు

1945 ఆగస్టు 17న ఇండొనేసియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. కాని అంతకుముందు ఏలిన డచ్చివాళ్లు మళ్లీ ఏలడానికి వచ్చారు. అప్పుడు ఆ కొత్త దేశానికి ఉన్నవేమిటి? యుద్ధంలో ఓడిన జపాను సైన్యం వదిలి వెళ్లిన పాత విమానాలు. వాటిలో 'చురెంగ్' అని అక్కడివాళ్లు పిలుచుకున్న శిక్షణ విమానం ఒకటి. రెక్కలు రెండు వరుసలుగా, ఒకదాని మీద ఒకటి ఉంటాయి.

యోగ్యకర్త దగ్గర మగువో విమానాశ్రయంలో మెకానిక్కులు వాటిని విప్పి, శుభ్రం చేసి, ఒకదాని భాగాలు మరొకదానికి బిగించి బాగుచేశారు. జపాను గుర్తు ఎర్రటి గుండ్రం కదా! దాని కింది సగానికి తెల్లరంగు పూశారు. అంతే, అది ఇండొనేసియా జెండా రంగులైన ఎరుపు తెలుపుల గుర్తయిపోయింది. 1945 అక్టోబరు 27న అగుస్తినుస్ అదిసుచిప్తో అనే పైలట్ అలాంటి విమానాన్ని ఎగరేశాడు. వైమానిక దళం అధికారికంగా ఏర్పడింది 1946 ఏప్రిల్ 9న. చూశారా? ముందు రిపేరు జరిగింది, తరువాత దళం పుట్టింది.

ఈ కథలో మన దేశం పాత్ర కూడా ఉంది. 1947 జూలైలో ఒరిస్సాకు చెందిన బిజూ పట్నాయక్ స్వయంగా డకోటా విమానం నడుపుకుంటూ వెళ్లి, ఇండొనేసియా నాయకుడు షహ్రిర్‌ను డచ్చివాళ్ల కన్నుగప్పి తీసుకొచ్చాడు. అదే నెల 29న మన దేశంలో రిజిస్టరైన మరో డకోటా సింగపూరు నుంచి మందులు తీసుకుని యోగ్యకర్తకు వెళుతుండగా డచ్చి విమానాలు కూల్చేశాయి. ఇందాక చెప్పిన అదిసుచిప్తో అందులోనే మరణించాడు. ఇవాళ మగువో విమానాశ్రయానికి ఆయన పేరే ఉంది.

బంగారంతో కొన్న విమానం

1948 జూన్‌లో అధ్యక్షుడు సుకర్నో సుమత్రా ఉత్తరపు కొసన ఉన్న ఆచే ప్రాంతానికి వెళ్లి, విమానం కొనడానికి సాయం చేయమని అడిగాడు. అక్కడి ప్రజలు డబ్బూ బంగారమూ పోగుచేసి ఇచ్చారు. ఆ సొమ్ముతో ఒక డకోటా కొన్నారు. ఆచేలోని ఒక కొండ పేరు మీద దానికి 'సెలవా' అని పేరు పెట్టారు.

డిసెంబరులో ఆ విమానం మరమ్మతుకు మన కలకత్తాకు వచ్చింది. అది అక్కడ ఉండగానే డచ్చివాళ్లు మళ్లీ దాడిచేసి యోగ్యకర్తను పట్టుకున్నారు. తిరిగి వెళ్లే దారి లేకపోయింది. ఆ విమాన సిబ్బంది చేతులు ముడుచుకు కూర్చోలేదు. 1949 జనవరిలో బర్మా వెళ్లి, అక్కడి ప్రభుత్వానికి విమానాన్ని అద్దెకు నడిపి తమ దేశానికి డబ్బు సంపాదించిపెట్టారు. ఆచే పేరు గుర్తుంచుకోండి. మళ్లీ వస్తుంది.

ఆకాశంలో కాదు, నేలమీద

1960 తరువాత పరిస్థితి మారిపోయింది. డచ్చివాళ్ల చేతిలో మిగిలిన పశ్చిమ ఇరియన్ కోసం తగాదా ముదిరింది. సోవియట్ యూనియన్ ఇండొనేసియాకు రకరకాల మిగ్ యుద్ధ విమానాలనూ, తుపొలేవ్-16 బాంబర్లనూ అమ్మింది. ఆ బాంబర్లే రెండు డజన్ల దాకా ఉండేవి. ఆ రోజుల్లో మా పిల్లల పట్టికే ఉంటే, ఆ ప్రాంతంలో ఇండొనేసియా పేరు పైవరసలో ఉండేది.

1965 తరువాత అక్కడ ప్రభుత్వం మారింది. సోవియట్ యూనియన్‌తో స్నేహం చెడింది. విడిభాగాలు రావడం ఆగిపోయింది. 1970 నాటికి ఆ విమానాలు చాలావరకు షెడ్లలో నిలబడిపోయాయి. ఏ శత్రువూ వాటిని కూల్చలేదు. ఎగరలేకపోయాయి, అంతే.

"కొత్త విమానాలే కదా సార్, ఏ భాగమూ విరగకుండానే ఎందుకు ఆగాలి?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. ఒక సన్నని ఇనుప తీగ తీసుకోండి. ఒక్కసారి వంచితే విరగదు. అటూ ఇటూ పదే పదే వంచండి. కాసేపటికి పుటుక్కున తెగుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు. విమానానికీ ఇంతే. పది కిలోమీటర్ల ఎత్తున బయటి గాలి పీడనం నేలమీద ఉన్నదాంట్లో సుమారు నాలుగో వంతు. మనుషులకు ఊపిరాడాలంటే లోపల పీడనం పెంచాలి. అందువల్ల విమానం పైకి వెళ్లిన ప్రతిసారీ దాని ఒళ్లు రవ్వంత ఉబ్బుతుంది, దిగినప్పుడు సర్దుకుంటుంది. రెక్కలు పైకీ కిందికీ ఊగుతాయి. కంటికి కనిపించని పగులు ఎక్కడో మొదలై, మెల్లగా పాకుతుంది.

అందుకే ఫలానా భాగం ఇన్ని గంటలే వాడాలి, ఇన్నిసార్లే దిగాలి అని లెక్క ఉంటుంది. గడువు తీరితే, అది చూడ్డానికి ఎంత బాగున్నా సరే, తీసి కొత్తది వేయాల్సిందే. రబ్బరు వలయాలు, బ్రేకులు, ఇంజనులో మండే వాయువుల వేడి భరించే పలకలు, అన్నిటికీ ఆయుష్షు ఉంది. కొత్తది దొరక్కపోతే రెండే దారులు. ప్రాణాలకు తెగించి ఎగరడం, లేదా ఆగిపోవడం. మూడో దారి ఒకటుంది. నాలుగు సైకిళ్లు విప్పి ఒక సైకిలు నడిపినట్టు, కొన్ని విమానాలను విప్పి మరికొన్నింటిని నడపడం. అలా చేస్తే పట్టికలో అంకె తగ్గదు. ఆకాశంలో తగ్గుతుంది.

మళ్లీ ఆచే

ఆ తరువాత ఇండొనేసియా అమెరికా వైపు తిరిగింది. 1989, 90 సంవత్సరాలలో 12 ఎఫ్-16 విమానాలు వచ్చాయి. హెర్క్యులిస్ అనే రవాణా విమానాలు 1960 నుంచే ఉన్నాయి. నాలుగు ఇంజన్ల ఈ విమానం దాదాపు 20 టన్నుల సరుకు మోస్తుంది, పొట్టి రన్‌వేల మీద, మట్టినేల మీద కూడా దిగుతుంది. దీవుల దేశానికి ఇంతకన్న ఏం కావాలి?

1999లో తూర్పు తైమూరులో ఘోరమైన హింస జరిగింది. దానికి ఇండొనేసియా సైన్యాన్ని తప్పుపట్టి అమెరికా సైనిక సంబంధాలు తెంచుకుంది. ఆ హింసను ఎవరూ సమర్థించలేరు. కాని ఇక్కడ మనం యంత్రాల సంగతి చూస్తున్నాం. ఆంక్షల వల్లా, డబ్బు కొరత వల్లా విడిభాగాలు కరువయ్యాయి. ఎఫ్-16లు కొన్ని మాత్రమే ఎగరగలిగేవి. హెర్క్యులిస్‌లలోనూ చాలా భాగం మూలపడ్డాయి.

2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రగర్భంలో భూకంపం వచ్చింది. ఆ సునామీ అలలు మన ఆంధ్ర తీరాన్ని కూడా తాకి ప్రాణాలు తీశాయని మీ ఇళ్లలో పెద్దలు చెబుతారు. అన్నిటికన్న ఎక్కువగా దెబ్బతిన్నది ఆచే. ఇండొనేసియాలో లక్షన్నరకు పైగా జనం పోయారు. పడమటి తీరం వెంబడి రోడ్లూ వంతెనలూ కొట్టుకుపోయాయి. మందులూ మంచినీళ్లూ అందాలంటే విమానమో ఓడో తప్ప దారి లేదు. సరిగ్గా అప్పుడు సొంత హెర్క్యులిస్‌లలో చాలా వాటికి విడిభాగాలు లేవు. ఎన్నో దేశాల విమానాలు వచ్చి సాయపడ్డాయి. 2005 జనవరిలో హెర్క్యులిస్ భాగాలు ఇవ్వడానికి అమెరికా ముందుకొచ్చింది. ఆ ఏడాది నవంబరులో ఆంక్షలు ఎత్తేసింది.

దేశానికి విమానం కావాలంటే బంగారం తెచ్చి ఇచ్చిన ఊళ్లు అవి. ఆ ఊళ్లకే అవసరం వచ్చిన రోజున విమానాలున్నాయి గాని, ఎగిరేవి చాలలేదు. విద్యార్థులారా, మీ పట్టికలో ఈ తేడా ఏ గడిలో కనిపిస్తుంది?

మరి ఏం చేయాలి?

ఒక్క దుకాణం మీద ఆధారపడితే ఇలాగే అవుతుందని ఇండొనేసియా పలుచోట్ల కొనసాగింది. 2003 నుంచి రష్యా సుఖోయ్‌లు 16 వచ్చాయి. దక్షిణ కొరియా నుంచి, బ్రెజిల్ నుంచి, బ్రిటన్ నుంచి విమానాలు తెచ్చుకుంది. అమెరికా వాడిన ఎఫ్-16లు 24 తీసుకుంది. 2022లో ఫ్రాన్సుతో 42 రఫేల్ విమానాలకు ఒప్పందం చేసుకుంది. ఇందులో తెలివి ఉంది. ఒకరు తలుపు మూస్తే మరొకరి తలుపు తట్టవచ్చు. కాని ఖర్చు కూడా ఉంది. రకానికో పనిముట్ల పెట్టె, రకానికో పుస్తకాల బీరువా, రకానికో శిక్షణ. ఒకదాని బోల్టు మరొకదానికి పట్టదు.

నాకు ఎక్కువగా నచ్చినది వాళ్లు నడిచిన రెండో దారి. జర్మనీలో చదివి, విమానాల లోహంలో పగులు ఎలా పాకుతుందో లెక్కగట్టిన ఇంజనీరు హబీబీ స్వదేశానికి తిరిగొచ్చాడు. 1976లో బాండుంగ్‌లో విమానాల కర్మాగారం ఆయన చేతుల మీదుగా మొదలైంది. మొదట స్పెయిన్ నమూనాను తయారుచేయడం నేర్చుకున్నారు. తరువాత స్పెయిన్‌తో కలిసి సీఎన్-235 అనే రవాణా విమానం రూపొందించారు. అది 1983లో ఎగిరింది. ఇండొనేసియా సైన్యమే కాదు, మలేసియా, దక్షిణ కొరియా కూడా దాన్ని కొన్నాయి.

ఇదంతా పూలబాట అనుకోకండి. సొంతంగా రూపొందించిన ఎన్-250 విమానం 1995లో ఎగిరింది గాని, 1997లో వచ్చిన ఆర్థిక సంక్షోభంలో ఆగిపోయింది. కర్మాగారంలో వేలమంది ఉద్యోగాలు పోయాయి. సీఎన్-235 ఇంజన్లు ఇప్పటికీ అమెరికావే. ఏ దేశమూ అన్నీ తానే చేసుకోలేదు. అయినా తయారుచేసిన చేతికి బాగుచేయడం వస్తుంది. అది కొనుక్కుంటే వచ్చేది కాదు.

నా తప్పు కూడా చెప్పాలి

ఇంత చెప్పిన నేను మాత్రం ఏం చేశాను? మా బడి ప్రయోగశాలలో గాలి తీసే పంపు ఒకటుంది. గంట మోగుతుండగా గాజుపాత్రలోంచి గాలి తీసేస్తే శబ్దం తగ్గిపోతుందని చూపించే పంపు. అది చెడిపోయి పదకొండేళ్లు అలమారులో ఉంది. తాళంచెవి నా దగ్గరే. ప్రతి ఏటా స్టాకు రిజిస్టరులో 'పంపు, 1' అని రాసి సంతకం పెట్టాను. పిల్లలకు ఆ ప్రయోగం నోటితో చెప్పాను.

నిరుడు పదో తరగతి అమ్మాయి ఒకతె "విప్పి చూద్దామా సార్?" అంది. వాళ్ల నాన్న సైకిలు షాపు నడుపుతాడు. విప్పితే లోపల తోలు వాషరు ఎండి బిగుసుకుపోయి ఉంది. ఆయన కొత్త తోలు కోసి, నూనెలో నానబెట్టి ఇచ్చాడు. మర్నాడు గంట మోగుతూనే ఉంది, శబ్దం సన్నగిల్లుతూ వచ్చింది. క్లాసంతా ఊపిరి బిగబట్టి విన్నది. పదకొండేళ్లూ రిజిస్టరులో అంకె ఒకటే. పని చేసింది ఆ రోజే.

కాబట్టి ఇకమీదట మీ పట్టికలో ఇంకో మూడు గడులు గీయండి. ఎన్ని ఎగురుతున్నాయి? విడిభాగం ఎవరిస్తారు? చెడితే ఎవరు బాగుచేస్తారు? నింపడం కష్టమే. ఆ అంకెలు దేశాలు సులువుగా బయటపెట్టవు. అయినా ఖాళీగా ఉన్న ఆ గడులు చూస్తే, నిండిన గడి ఎంత తక్కువ చెబుతోందో మీకే తెలుస్తుంది.

అవి గీశాక మీ బడి అలమారు దగ్గరకు వెళ్లండి. మీ మాస్టారిని అడిగి తాళం తీయించండి. లోపల ఏముందో కాదు, ఏది పని చేస్తోందో రాసుకోండి. పని చేయనిదాన్ని ఆయన ఎదుటనే విప్పి చూడండి. మాస్టారు విసుక్కుంటే, నేను చెప్పానని చెప్పండి.