షిప్పింగ్ బిల్లు మీద మన పేరు

బద్వేలు పక్కనున్న గోపవరం నుంచి నెల్లూరు దగ్గర కృష్ణపట్నం రేవు కూడలి దాకా నాలుగు వరుసల రోడ్డుకు కేంద్ర మంత్రివర్గం 2025 మే 28న ఆమోదం తెలిపింది. 108 కిలోమీటర్లు, 3,653 కోట్ల రూపాయలు. ఇప్పుడు 142 కిలోమీటర్లు పోతే గాని అందని రేవు దాదాపు 34 కిలోమీటర్లు దగ్గరవుతుంది. ఈ వార్త రాగానే మా ఊళ్లో ముందు లేచింది సెంటు ధర మాట. నేను ఇక్కడి వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు వేసి బతికేవాణ్ని. నా బుర్రలో మెదిలింది వేరే మాట. ఆ రోడ్డు మీద రేవుకు పోయే సరుకుకు షిప్పింగ్ బిల్లు, అంటే ఎగుమతిదారు కస్టమ్స్‌లో వేసే పత్రం, ఎవరి పేరున పడుతుంది?

ఈ ప్రశ్న గాలిలోంచి పుట్టలేదు. మైదుకూరు, దువ్వూరు, ఖాజీపేట మండలాల్లో పండే కృష్ణాపురం ఎర్రగడ్డలను చూడండి. మార్కెట్లో కేపీ ఉల్లి అంటారు. గడ్డ చిన్నది, ఘాటు ఎక్కువ. మన ఇళ్లలో కూరకు ఎవరూ కొనరు. మలేషియా, సింగపూర్, థాయ్‌లాండ్ వాళ్లకు మాత్రం అదే కావాలి. విదేశాలకు పోతేనే ఆ పంటకు ధర, పోకపోతే రైతుకు కోత కూలి కూడా గిట్టదు.

ఢిల్లీలో ఉల్లి ధర పెరిగిన ప్రతిసారీ ఈ సంగతి మరిచిపోతున్నారు. 2019 సెప్టెంబరు 29న ఉల్లి ఎగుమతి మొత్తం నిలిపేశారు. నాసిక్ గడ్డకూ మన గడ్డకూ ఒకటే తాళం. మనది ఇక్కడ ఎవరూ తినని రకమని మొత్తుకోగా మొత్తుకోగా 2020 ఫిబ్రవరి 6న పదివేల టన్నులకు అనుమతి వచ్చింది, అదీ మార్చి 31 లోపు పంపుకోవాలని. నాలుగు నెలలు దాటిపోయాయి. మళ్లీ అదే ఏడు సెప్టెంబరు 14న నిషేధం, అక్టోబరు 9న మళ్లీ పదివేల టన్నుల సడలింపు. 2023 డిసెంబరులో ఇంకోసారి నిషేధం.

కోసిన ఎర్రగడ్డ ఢిల్లీ ఉత్తర్వు కోసం ఆగదు. చేలో ఆడవాళ్లు వరుసగా కూర్చుని కొడవలి మీద తోకలు కోసి, చిన్నవి పెద్దవి ఏరి, వల సంచుల్లో నింపుతారు. కొంచెం చెమ్మ తగిలిందా, సంచి అడుగు మెత్తబడి వాసన పడుతుంది. పక్క సంచీ పట్టుకుంటుంది. లారీ రావడం వారం తప్పితే మళ్లీ అన్నీ విప్పి ఏరాల్సిందే. ఆ రెండో ఏరుడు కూలి రైతు నెత్తినే పడుతుంది.

2020లో ఇచ్చిన ఆ రెండు సడలింపుల్లోనూ ఒక షరతు ఉంది: సరుకు చెన్నై రేవు నుంచే పోవాలి. అప్పటికి కృష్ణపట్నంలో కంటైనర్లు ఎక్కుతూనే ఉన్నాయి. కడప జిల్లా గడ్డకు రాష్ట్ర ఉద్యానశాఖ ధ్రువపత్రం తెచ్చుకుని, పక్క రాష్ట్రం రేవుకు పోవాల్సి వచ్చింది. మన పక్కనున్న రేవు పేరు కూడా ఆ ఉత్తర్వులో ఎందుకు చేర్చలేదని గట్టిగా అడిగినవాళ్లు నాకు కనబడలేదు.

రేవు చెన్నైది కావడం ఒక ఎత్తు, ఎగుమతిదారు చెన్నైవాడు కావడం ఇంకో ఎత్తు. నా దగ్గరికి వచ్చే ఒక మైదుకూరు వ్యాపారి ఏళ్లుగా లోడ్లకు లోడ్లు చెన్నై పార్టీకి పంపిస్తున్నాడు. ఆయన పుస్తకాల్లో అది మామూలు అమ్మకమే. డాలర్లలో వచ్చే ధర, ఎగుమతి మీద వచ్చే రాయితీ, విదేశీ కొనుగోలుదారుతో పరిచయం అన్నీ చెన్నైలోనే ఆగిపోతాయి. నువ్వే ఎందుకు పంపకూడదన్నా అని అడిగితే ఆయన ఒకటే మాటన్నాడు: “పంపించినాక ఆ దేశమోడు దుడ్లు ఎగ్గొడితే యాడికి పోయి అడగాల సార్?”

ఆ భయం న్యాయమైనదే. దానికి మందూ ఉంది. విదేశీ కొనుగోలుదారు డబ్బు ఎగ్గొడితే నష్టంలో పెద్ద భాగం కట్టిచ్చే బీమా కోసమే కేంద్రం ఈసీజీసీ అనే సంస్థను 1957లోనే పెట్టింది. మా వీధిలో ఆ పేరు విన్నవాళ్లు ఎవరూ లేరు. ఎగుమతి కోడ్‌కు పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఐదు వందల రుసుము చాలు, ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. పన్ను పడే సరుకైతే, అది కట్టకుండా పంపడానికి జీఎస్టీలో ఏడాదికొకసారి ఒక హామీపత్రం వేస్తే సరిపోతుంది. ఇవి నేను చేసిపెట్టగలను. ఆ తర్వాతే దారి మూసుకుపోతుంది. ఎగుమతి డబ్బు అందుకునే బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్‌ను కస్టమ్స్‌లో నమోదు చేయించాలి. ఒక వ్యాపారి తరఫున నేను వెళ్లి అడిగితే ఒక బ్యాంకు శాఖలో ఆ కోడ్ ఏమిటో చెప్పగలిగినవాళ్లు లేరు. గడ్డల్లో పురుగూ తెగులూ లేవనే ధ్రువపత్రం కావాలి. ఒక్క సంతకం ఆలస్యమైతే ఓడ పోతుంది, గడ్డ కుళ్లుతుంది. చెన్నై పార్టీ బలమంతా ఈ కాగితాల దగ్గరే ఉంది. అతను పంపే గడ్డ మనదే.

ఎర్రగడ్డ దాకా పోలేనివాళ్లకు పోస్టాఫీసు ఉంది. 2022 నుంచి తపాలాశాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు నడుపుతోంది. మాధవరం నేత చీరలు నాలుగైనా సరే, ఆన్‌లైన్‌లో ఎగుమతి బిల్లు వేసి పార్సిల్ పంపవచ్చు. కువైట్‌లో మన జిల్లా మనుషులు ఎంతమంది ఉన్నారో ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. కొనేవాళ్లను కొత్తగా వెతుక్కోవాల్సిన పని లేదు.

రోడ్డు రావాలి. నాకు దాని మీద ఆశ ఉంది. కానీ 2024లో కృష్ణపట్నం నుంచి కంటైనర్లు పక్క రాష్ట్రం రేవులకు తరలిపోతున్నాయని నెల్లూరులో ఆందోళనలు జరిగాయి. కంటైనర్ ఎక్కని రేవుకు నాలుగు వరుసలు వేసినా బొగ్గు లారీలకే సుఖం. మన ఎమ్మెల్యేలు, ఎంపీలు రోడ్డు శిలాఫలకం గురించి అడిగినంత గట్టిగా కంటైనర్ ఓడల గురించీ అడగాలి. కేపీ ఉల్లిని మామూలు ఉల్లి నిషేధాల్లో కలపకుండా శాశ్వతంగా వేరు చేయమని అడగాలి. ఇక కలెక్టర్ అధ్యక్షతన జిల్లా ఎగుమతుల ప్రోత్సాహక కమిటీ ఒకటి ఉంది. అది కడప సమావేశ మందిరంలో కూర్చునే బదులు గడ్డ కోతకొచ్చే నెలల్లో మైదుకూరు యార్డులో ఒక గది తీసుకుని, తెగుళ్ల పరీక్ష చేసే అధికారినీ, ఈసీజీసీ మనిషినీ, ఏడీ కోడ్ తెలిసిన బ్యాంకు ఉద్యోగినీ అక్కడ కూర్చోబెట్టాలి. ఆ గది తెరిచిన రోజు ఆ మైదుకూరు వ్యాపారిని చెయ్యి పట్టుకుని నేనే తీసుకుపోతాను. ఫారాలు నింపినందుకు ఫీజు తీసుకోను.