సిటీ యాప్‌లో మన జాగ ఎక్కడ?



ఈ మధ్య ‘హెరిటేజ్ యాప్’ అనే మాట బాగా వినబడుతున్నది. పట్టణంలో నడుస్తుంటే ఫోన్ మోగుతది, ఇక్కడ ఫలానా కోట ఉండేది, ఫలానా రాజు కట్టించిండు అని చెప్తది. గోడ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వీడియో వస్తది. మంచిదే. నా గొడవ ఏందంటే, ఇసొంటి యాప్‌లల్ల ఆదివాసీ అంటే ‘కళలు’ అనే ఒక బటన్. నొక్కితే నెమలి ఈకల టోపీతో గుస్సాడీ ఫొటో. అంతే. ‘చరిత్ర’ అనే బటన్ నొక్కితే మనం కనబడం. పండుగకు అడవిలకెల్లి వచ్చి ఆడి పోయేటోళ్లం, పట్టణంతో మనకేం సంబంధం లేదు అన్నట్టు.

నిర్మల్‌నే తీసుకోండి. మెట్‌పల్లి దిక్కు ఉన్నోళ్లకు గోదావరి దాటితే వచ్చే జిల్లా. నిర్మల్ గురించి ఎవరు యాప్ చేసినా కొయ్యబొమ్మలు పెడతరు, శ్యామ్‌గఢ్, బత్తీస్‌గఢ్ కోటలు పెడతరు. పెట్టాలె కూడా. కానీ అదే పట్టణంల 1860 ఏప్రిల్ 9న రాంజీ గోండును, ఆయనతోని వెయ్యి మందిని ఒక మర్రిచెట్టుకు ఉరి తీసిండ్రని తరతరాలుగా జనం చెప్పుకుంటున్నరు. అందుకే దానికి ‘వెయ్యి ఉరుల మర్రి’ అని పేరు. ఆ చెట్టు 1995లో గాలివానకు కూలిపోయింది. చెట్టు లేదు, చూపించడానికి కోటగోడ అసలే లేదు. యాప్ అవసరం నిజంగా ఉన్నది ఇసొంటి చోటనే. కోట దానంతట అదే కనబడతది, దానికి ఫోన్ ఎందుకు? కంటికి కనబడకుండా పోయిన చెట్టును చూపించడానికే ఫోన్ కావాలె.

ఇది ఒక్క నిర్మల్ ముచ్చట కాదు. నాగ్‌పూర్ పట్టణాన్ని 1702 ప్రాంతంల నిలబెట్టింది దేవగఢ్ గోండు రాజు బఖ్త్ బులంద్ షా. చంద్రాపూర్ కోట గోండు రాజులది. భోపాల్ కథల గోండు రాణి కమలాపతి ఉంటది, 2021లో అక్కడి రైల్వే స్టేషన్‌కు ఆమె పేరు పెట్టిండ్రు. మనోళ్లు పట్టణాలకు కొత్తగా వచ్చినోళ్లు కాదు, కొన్ని పట్టణాలను కట్టినోళ్లు. హైదరాబాద్‌ల రూము తీసుకొని కోచింగ్‌కు పోయే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ట్యాంక్‌బండ్ మీద కొమురం భీం విగ్రహం దగ్గర సెల్ఫీ దిగుతరు. మాసబ్‌ట్యాంక్‌ల ఉన్న గిరిజన మ్యూజియానికి పోయినోళ్లు ఎంతమంది? 2022 సెప్టెంబర్ 17న బంజారాహిల్స్‌ల తెరిచిన కొమురం భీం ఆదివాసీ భవన్ లోపలికి పోయినోళ్లు ఎంతమంది? ఈ మూడింటిని కలిపి మన భాషల, మన గొంతుతోని నడిపించే ఒక దారి ఉంటే, సిటీల ఒంటరిగా ఉన్న పిల్లకు అది ఎంత ధైర్యం!

ఇంతవరకు ‘మమ్మల్ని కూడా పెట్టండి’ అన్న. ఇప్పుడు ‘ఇవి పెట్టకండి’ అనేది చెప్పాలె. నా దృష్టిల ఇదే పెద్ద మాట.

కేస్లాపూర్ నాగోబా జాతర తెలుసు గదా. పుష్యమాసంల మెస్రం వంశపోళ్లు జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగు దాకా కాలినడకన పోయి గోదావరి జలం తెస్తరు. యాప్ చేసే పిల్లగాడు మంచి మనసుతోనే అనుకుంటడు, ఈ నడకను జీపీఎస్‌ల లైవ్ చూపిస్తే ఎట్లుంటది అని. ఇంకొకాయన భేటింగ్‌ల కొత్త కోడళ్లు దేవుని ముందటికి వచ్చేది ‘హైలైట్స్’ల పెడదాం అంటడు. పెర్సాపేన్‌ను ఎక్కడ దాస్తరో మ్యాప్ మీద ఎర్రచుక్క పెడదాం అని మరొకాయన అన్నా నాకు ఆశ్చర్యం లేదు. వాళ్ల లెక్కల సమాచారం ఎంత ఎక్కువుంటే యాప్ అంత గొప్పది. మన లెక్కల కొన్ని ముచ్చట్లు వంశం దాటవు, కొన్ని కాలం కాని కాలంల చెప్పరు.

ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు అనుకోకండి. ఆస్ట్రేలియాల టెనంట్ క్రీక్ అనే ఊళ్లె వారుముంగు ఆదివాసులు పరిశోధకులతోని కలిసి 2007లో ‘ముకుర్తు’ అని ఒక డిజిటల్ భాండాగారం చేసుకున్నరు. ముకుర్తు అంటే వాళ్ల భాషల విలువైనవి దాచుకునే సంచి. అందుల ఏ ఫొటో ఎవరు చూడాలె అనేది చుట్టరికాన్ని బట్టి, ఆడ మగను బట్టి వాళ్ల కట్టుబాటే నిర్ణయిస్తది. చనిపోయినోళ్ల బొమ్మ వస్తే ముందే హెచ్చరిక వస్తది. తర్వాత అదే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకునేటట్టు ఇచ్చిండ్రు. అంటే తాళం పెట్టుడు టెక్నాలజీకి కష్టం కాదు. ఆ తాళంచెవి ఎవరి చేతిల ఉండాలె అనేదే పంచాయతీ.

అందరూ మరిచిపోయే మనిషి ఒకరున్నరు, ప్రధాన్ పెద్దమనిషి. గోండు వంశాల కథలు కీక్రి వాయించుకుంట చెప్పేది ప్రధానులు, తోటీలు. కథ చెప్పినందుకు దాత కుటుంబం ఇచ్చే గింజలు, బట్టలు, కట్నం వాళ్ల బతుకు. ఒక్కసారి వచ్చి, మూడు గంటలు రికార్డు చేసుకొని, శాలువా కప్పి పోతే, రేపటికెల్లి ఆ కథ ఫోన్‌ల ఫ్రీ. ఆయన ఇంటికి ఎవరొస్తరు? యాప్‌ల ఆయన గొంతు పెడితే ఆయన పేరు, ఆయన ఊరు, ఆయనకు వచ్చే పైసలు కూడా యాప్‌లనే కనబడాలె. కథల మొదలు మాత్రమే వినిపించి, మిగతాది వినాలంటే ఆయన్నే పిలిపించుకునే ఏర్పాటు ఉండాలె. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. సినిమా పాటకు రాయల్టీ ఉన్నప్పుడు కీక్రికి ఎందుకుండదు?

ఫొటోల సంగతి కూడా అంతే. 1940లల్ల హైమన్‌డార్ఫ్ దొర మార్లవాయిల ఉండి తీసిన ఫొటోలు లండన్‌ల సోయాస్‌ల ఉన్నయి. ఆయన మీద మనకు గౌరవం ఉన్నది, ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలనే ఉన్నది. అయితే ఆ ఫొటోలల్ల ఉన్నది మన తాతలు, అవ్వలు. యాప్‌ల వాడుకునేటోళ్లు లండన్‌ను పర్మిషన్ అడుగుతరు. మార్లవాయిని కూడా అడగాలె. అడిగితే ఆ మొఖం ఎవరిదో పేరు చెప్పేటోళ్లు ఇంకా ఉండొచ్చు. గుస్సాడీ కనకరాజు తాత పద్మశ్రీ అందుకున్నది 2021ల, మనల్ని విడిచిపోయింది 2024 అక్టోబర్‌ల. అసొంటి పెద్దమనుషులు మన కోసం ఎన్నాళ్లని ఆగుతరు?

ఇగ భాష. గోండీ మాట్లాడేటోళ్లు 2011 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 30 లక్షలు. గుంజాల గోండీ లిపి 2018లో యూనికోడ్‌ల చేరింది, ఫాంట్ కూడా ఉన్నది. కేంద్ర గిరిజన శాఖ 2025 సెప్టెంబర్‌ల తెచ్చిన ‘ఆది వాణి’ అనువాద యాప్‌ల గోండీ ఉన్నది, కానీ అది ఛత్తీస్‌గఢ్ గోండీ. దాన్ని చిన్నగ చేసి మాట్లాడుత లేను, అది మొదటి అడుగు. ఉట్నూరు అవ్వ మాట్లాడే గోండీ, కొలామోళ్ల కొలామీ ఇంకా బయటనే ఉన్నయి అని చెప్తున్న. చదువు రాని అవ్వకు లిపి కన్నా గొంతు ముఖ్యం. నొక్కితే వినబడాలె, నెట్ లేకున్నా నడవాలె. క్యాలెండర్ గూడ మనదే ఉండాలె. భీం వర్ధంతి జోడేఘాట్‌ల ఆశ్వయుజ పౌర్ణమికి చేస్తం, ఇంగ్లిష్ తేదీ ప్రకారం నోటిఫికేషన్ పంపితే జనం తప్పు రోజు పోతరు.

అనుమతి ఎవరిని అడగాలె అంటే, చట్టం ఉన్నది. పెసా 1996 ప్రకారం సంప్రదాయాన్ని, సాంస్కృతిక గుర్తింపును కాపాడే అధికారం గ్రామసభది. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యం, సాంస్కృతిక వైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి మేధో హక్కు ఇచ్చింది. చిక్కెక్కడ అంటే, పెసా గోదావరి అవతల ఏజెన్సీ ఊళ్లల్ల నడుస్తది, మెట్‌పల్లిల నడవది, హైదరాబాద్‌ల అసలే నడవది. సిటీల మనకు గ్రామసభ లేదు. నా ప్రతిపాదన ఇది: ఊరికెల్లి వచ్చిన పాట, కథ, ఫొటో అయితే ఆ ఊరి గ్రామసభ తీర్మానం లేకుండ యాప్‌ల ఎక్కొద్దు. పట్టణంల ఉన్న జాగ అయితే అక్కడ ఉంటున్న మన విద్యార్థులు, ఉద్యోగులు, కూలీలు కూచొని తేల్చాలె. ఆదివాసీ భవన్ ఉన్నది ఇసొంటి వాటికే గదా.

సర్కారే చేస్తది, మనమెందుకు అనేటోళ్లకు ఒక్క ప్రశ్న. ఇంద్రవెల్లి స్తూపం దగ్గర యాప్ ఏం చెప్తది? 1981 ఏప్రిల్ 20 కాల్పులల్ల చనిపోయింది అధికారిక లెక్కల 13 మంది. మన ఊళ్లు చెప్పే లెక్క వేరే. రెండూ పెడతరా, ఒక్కటే పెడతరా, మొత్తమే తీసేస్తరా? అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటే వాళ్లు తేలుస్తరు.

కెనడాల టొరంటో నగరంల ఆదివాసీ చరిత్రను చెప్పే ‘ఫస్ట్ స్టోరీ’ బృందం ముందు జనాన్ని బస్సులల్ల తిప్పి జాగలు చూపించింది, యాప్ తర్వాత వచ్చింది. మనం కూడా అట్లనే మొదలుపెడదాం. వచ్చే ఏప్రిల్ 9 లోపు నిర్మల్‌ల ఒక ఆదివారం నడుద్దాం. మర్రి ఉండె జాగ తెలిసిన పెద్దమనుషులను వెంట తీసుకపోదాం, వాళ్లు ఒప్పుకుంటేనే రికార్డు చేద్దాం. మెట్‌పల్లి, కోరుట్ల, ఖానాపూర్ దిక్కు ఉన్నోళ్లు, గోండీ రాసేటోళ్లు, కోడింగ్ వచ్చినోళ్లు ఇన్‌బాక్స్‌ల పేరు, ఊరు పెట్టండి. బస్సు చార్జీలు ఎవరివి వాళ్లే.