కొంటే కొనండి, ఏ గ్రేటింగో చూసి కొనండి

500 మెగావాట్ల బొగ్గు యూనిట్‌లో టర్బైన్‌కు వెళ్లే ఆవిరి వేడి దాదాపు 540 డిగ్రీల సెల్సియస్. దాన్ని మోసే గొట్టాల లోహం అంతకన్నా వేడిగా ఉంటుంది. అది ఏళ్ల తరబడి హద్దు మీద పది ఇరవై డిగ్రీలు ఎక్కువ మోస్తే ఆయుష్షు బాగా తరిగిపోతుంది. ఒకరోజు గొట్టం పగులుతుంది, యూనిట్ ఆగుతుంది. అయినా మంట తగిలే చోట దాని వేడిని నేరుగా కొలిచే ఏర్పాటు చాలా బాయిలర్లలో ఉండదు. బాయిలర్ పైన, మంట తగలని పెంట్‌హౌస్ అనే గదిలో గొట్టాలకు వెల్డింగ్ చేసిన థర్మోకపుల్స్ చెప్పినదాన్ని బట్టి కింది సంగతి ఊహించుకోవాల్సిందే.

ఉద్యోగమంతా ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో ఆ థర్మోకపుల్స్‌తోనే గడిపినవాణ్ని, వాటిని తక్కువ చేసి మాట్లాడను. చవక, మొరటు, పోతే ఎవరైనా మార్చేయగలరు. వాటి బాధలూ నాకు తెలుసు. అదురుకు టెర్మినల్ వదులైతే రీడింగ్ తైతక్కలాడుతుంది. పక్కన వెల్డింగ్ మొదలైతే ఎగిరి పడుతుంది. ‘సార్, థర్మోకపుల్ పిచ్చిగా చూపిస్తోంది’ అని వెంటనే కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్. అన్నిటికన్నా చెడ్డది, ఏళ్లు వేడిలో ఉడికి చడీచప్పుడు లేకుండా తప్పు చూపడం. తెగినది తెలిసిపోతుంది, అబద్ధమాడేది తెలియదు.

అందుకే ఇప్పుడు ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్‌ల (ఎఫ్‌బీజీ) మాట వినిపిస్తోంది. మిల్లీమీటరులో ఎనిమిదో వంతు మందమున్న గాజుపోగు అది. దాని నడుమ, కాంతి నడిచే దారిలో, రైలు పట్టాల కింది స్లీపర్లలా, అర మైక్రానుకు కొంచెం పైన ఎడంతో లేజర్‌తో అడ్డగీతలు గీస్తారు. సెంటీమీటరు పొడవులో అవి 18 వేలకు పైనే. లోపలికి పంపిన కాంతిలో ఒక్క తరంగదైర్ఘ్యాన్ని మాత్రం అవి వెనక్కి తిప్పి పంపుతాయి. వేడెక్కితే ఆ తరంగదైర్ఘ్యం జరుగుతుంది. మామూలు వేడిలో డిగ్రీకి నానోమీటరులో సుమారు నూరో వంతు, పైకి పోయేకొద్దీ ఇంకాస్త ఎక్కువ. ఎంత జరిగిందో చూస్తే ఎంత వేడో తెలుస్తుంది. పోగులో కరెంటు పారదు కనుక పక్కన వెల్డింగ్ చేసినా దానికి చలనం లేదు.

మెలిక అంతా ఆ గీతలు ఎలా గీశారన్న దగ్గరే ఉంది. 1978లో కెనడాలోని ఒటావాలో కెన్ హిల్ బృందం మొదటి గ్రేటింగ్ చూసింది. 1989లో పోగు పక్కనుంచి అతినీలలోహిత కాంతితో గీసే పద్ధతి వచ్చింది. మార్కెట్లో చవకగా దొరికేవి ఎక్కువగా ఆ రకమే. వంతెనలకు, డ్యాములకు భేషుగ్గా పనికొస్తాయి. 300 డిగ్రీలు దాటాయా, గీతలు చెరుగుతూ వస్తాయి. 500 దగ్గర ఎంతోకాలం నిలవవు. 2003లో ఒటావాలోనే స్టీఫెన్ మిహైలోవ్ బృందం ఫెమ్టోసెకండ్ లేజర్‌తో గీసి చూపించింది. ఆ లేజర్ తీవ్రత పెంచి గాజునే గాయపరిచి గీసినవి వెయ్యి డిగ్రీల దగ్గరా నిలుస్తాయి. మామూలు గ్రేటింగ్‌కు హైడ్రోజన్ పట్టించి, కొలిమిలో కాల్చి, చెరిగిన చోటే మళ్లీ పుట్టించే రీజనరేటెడ్ రకమూ అంత వేడికి ఆగేదే.

ఇప్పుడు మన టెండర్ కాగితం చూడండి. ఒక ప్లాంట్‌లో నా చేతికొచ్చిన దాంట్లో ‘ఎఫ్‌బీజీ టెంపరేచర్ సెన్సర్, 0–600 డిగ్రీలు’ అని ఒక్క ముక్క ఉంది. ఏ లేజర్, ఏ పూత, ముందుగా ఎంత వేడిలో కాల్చి స్థిరపరిచారు, ఏవీ లేవు. ఎల్-1, అంటే అందరికన్నా తక్కువ ధర చెప్పినవారు, ఎవరైతే వారికే ఆర్డర్. చవక రకం పెడతారు, కొద్దికాలానికి సిగ్నల్ మాయమవుతుంది, ‘ఫైబర్ మనకు పనికిరాదు’ అని ఫైలు మూసేస్తారు. తప్పు కొనుగోలుది, నింద పరిజ్ఞానానిది.

అమ్మేవాళ్ల మాటా అలాగే ఉంది. ఒక్క పోగు మీద వందల పాయింట్లంటారు. వేడి తక్కువ చోట్ల అది నిజం కావచ్చు. 500 డిగ్రీల మేర కొలవాలంటే ఒక్కో గ్రేటింగ్‌కు ఆరేడు నానోమీటర్ల జాగా వదలాలి. కొలిచే పరికరం పరిధి 40 నానోమీటర్లయితే ఒక్కో పోగుకు ఐదారే. ఐదారైనా థర్మోకపుల్ తీగల గుట్టతో పోలిస్తే లాభమే, కానీ లెక్క ముందే తెలియాలి. పోగు సాగినా తరంగదైర్ఘ్యం జరుగుతుంది కనుక దాన్ని లోహపు సన్నగొట్టంలో వదులుగా ఉంచాలి. మామూలు అక్రిలేట్ పూత ఆ వేడికి కాలిపోతుంది, పూత పోయిన గాజు ముట్టుకుంటే విరుగుతుంది. బంగారు పూతలాంటిది కావాలి.

మన రెండు తెలుగు రాష్ట్రాల కరెంటులో పెద్ద వాటా ఇంకా బొగ్గుదే కనుక ఈ పని మనకు అవసరం. గ్రేటింగ్‌ల మీద పనిచేసే సంస్థలు దేశంలోనే ఉన్నాయి, కోల్‌కతాలోని కేంద్ర గాజు, పింగాణీ పరిశోధనా సంస్థ, ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రం వాటిలోవే. కావలసింది ప్లాంట్‌లో కాస్త చోటు. వచ్చే ఓవర్‌హాల్‌లో ఒక్క యూనిట్ పెంట్‌హౌస్‌లో, ఇప్పుడున్న థర్మోకపుల్స్ పక్కనే, ఒక పోగు వేయించాలి. మంటలోకి ఇప్పుడే వద్దు, బూడిద రాపిడి సన్నగొట్టాన్ని తినేస్తుంది. రెండు ఓవర్‌హాల్‌ల మధ్య కాలమంతా రెండు రీడింగ్‌లూ పక్కపక్కన రికార్డు చేసి, వాటిని అన్ని జెన్‌కో ప్లాంట్లకూ పంపాలి. ఆ లెక్కలు చేతికొచ్చాకే టెండర్ రాయాలి. అందులో గీసిన పద్ధతి, కాల్చి స్థిరపరిచిన వేడి, పూత అనే మూడు గడులు తప్పనిసరి చేయాలి. ఆ గడులు ఖాళీగా వదిలిన వాళ్ల ధర కవరు విప్పనే కూడదు.