ఖూన్ ముందు, సైకిల్ తర్వాత

మొదటి రోజు ఫజర్ చదివి సైకిల్ బయటికి తీస్తుంటే అమ్మీ గుమ్మంలో నిలబడి, "క్యా రే, ఇత్తీ ఉమర్ మే సైకిలా?" అంది. నాకు నలభై ఆరు. మా మొహల్లాలో ఈ వయసువాళ్లు పాల ప్యాకెట్ కోసం కూడా స్కూటర్ తీస్తారు. అలాంటిది హైదరాబాద్ నుంచి బెజవాడ దాకా, దాదాపు 270 కిలోమీటర్లు తొక్కుతానంటే నవ్వరా మరి!

నా నీయత్ మాత్రం సాఫ్‌గానే ఉంది. పక్క గల్లీ టైలర్ భాయ్ కూతురికి ఏడేళ్లు, థలసీమియా. ఒంట్లో ఖూన్ సరిగ్గా తయారవదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాల్సిందే, జిందగీ అంతా. ఎక్కించిన ఖూన్‌తో ఇనుము పేరుకుపోతుంది, దానికి వేరే దవా. అమ్మానాన్న ఇద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మంగ్నీకి ముందే ఒక రక్తపరీక్ష చేయిస్తే తెలిసిపోయే సంగతి ఇది. అలాంటి బచ్చాల కోసం చందా పోగుచేసే ఒక సైకిల్ టీంలో నేనూ చేరాను.

నాలుగు నెలల తాలీమ్. వారంలో రెండు రోజులు చిన్న దూరం, ఆదివారం పెద్ద దూరం. 20 కిలోమీటర్లతో మొదలుపెట్టి 40, 60, చివరికి 100. తొందరపడి పెంచితే మోకాళ్లు పోతాయి. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దాకా వెళ్లి, అక్కడ చాయ్ తాగి వెనక్కి వచ్చేవాళ్లం. సఫ్ కట్టినట్టు ఒకరి వెనక ఒకరు పోవాలి. ముందున్నవాడు గాలిని చీల్చుతుంటే వెనకవాళ్లకు మెహనత్ తగ్గుతుంది. కొన్ని నిమిషాలకు వాడు వెనక్కి వస్తాడు, ఇంకొకడు ముందుకు పోతాడు. ఆ పద్ధతి నాకు చాలా పసంద్. జేబులో ఖజూర్, సీసాలో ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు. రెండు నెలల్లో అమ్మీ కూడా తిట్టడం మానేసి ఖజూర్ తనే కట్టివ్వసాగింది.

రైడ్‌కు ఐదు వారాల ముందు కెప్టెన్ అందరికీ ఒక మెసేజ్ పెట్టాడు: 'రైడ్ అయ్యేదాకా ఎవరూ రక్తదానం చేయొద్దు.'

సైన్స్ పరంగా ఆయన మాట సహీ. ఒకసారి ఇచ్చేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో తిరిగొస్తుంది గానీ, ఎర్ర కణాలు కోలుకోవడానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా ఎత్తు ఎక్కితే ఊపిరి అందదు. ఇదంతా నిజమే. కానీ ఆ వారమే టైలర్ భాయ్ ఫోన్ చేశాడు. "భాయ్ సాబ్, బ్లడ్ బ్యాంకులో యూనిట్ లేదంటున్నారు. రంజాన్ కూడా దగ్గరికొస్తోంది." రోజాల్లో మనవాళ్లు ఖూన్ ఇవ్వడం తగ్గిపోతుందని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

నేను వెళ్లి ఇచ్చొచ్చాను. వచ్చే ఆదివారం అందరికంటే వెనక నేనే. చిన్న ఎత్తుకే ఆయాసం. "టీం స్పీడ్ పడిపోతోంది" అన్నాడు కెప్టెన్. "చాచా, ఖూన్ ఇచ్చారా?" అని ఒక కుర్రాడు అడిగాడు. ఇచ్చానన్నాను. ఇద్దరూ ఖామోష్.

నాకు కెప్టెన్ మీద గుస్సా లేదు. నా షికాయత్ ఒక్కటే. ఏ బచ్చాల కోసం ఈ రైడ్ పెట్టుకున్నామో, రైడ్ బాగా జరగాలని వాళ్లకే ఖూన్ ఆపమంటున్నాం. పైసలతో దవా వస్తుంది, టెస్టులు జరుగుతాయి. ఖూన్ మాత్రం ఏ కార్ఖానాలోనూ తయారు కాదు. మనిషి ఒంట్లోంచే రావాలి.

నిజానికి ఈ రెంటికీ ఝగడా అక్కర్లేదు. హిసాబ్ చూడండి. మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి ఖూన్ ఇవ్వొచ్చు. మా తాలీమ్ నాలుగు నెలలు. మొదటి వారంలో అందరం ఇస్తే, రైడ్ నాటికి ఒళ్లు పూర్తిగా కోలుకుంటుంది, రైడ్ ముగిశాక మళ్లీ ఇవ్వొచ్చు. పైగా ఎర్ర కణాలు 35 నుంచి 42 రోజులే నిల్వ ఉంటాయి. అందుకే ఫొటోల కోసం అందరూ ఒకే రోజు ఇవ్వకుండా, వంతులవారీగా ఇస్తేనే ఫాయిదా. రోడ్డు మీద వంతులు మార్చుకోవడం నేర్చుకున్నవాళ్లకు ఇదేమంత ముష్కిల్?

మన ఖైరాత్‌కంతా ఇదే వర్తిస్తుంది. రంజాన్‌లో చేతులు బాగానే తెరుచుకుంటాయి, మిగతా పదకొండు నెలలు జరూరత్ ఉన్నవాళ్లు ఎవరిని అడగాలి?

రైడ్ పూర్తి చేశాను. మొదటి రోజు సూర్యాపేటలో ఆగి, రెండో రోజు కోదాడ, నందిగామ దాటి ప్రకాశం బ్యారేజీ చేరేసరికి మగ్రిబ్ దాటింది. అందరికంటే ఆఖరున నేనే. నా కోసం ఆగి ఉన్న కుర్రాడే నీళ్ల సీసా అందించాడు.

వచ్చే నెలతో నా 90 రోజులు పూర్తవుతాయి. అమ్మీ క్యాలెండర్ మీద ఆ తారీఖుకు గుర్తు పెట్టింది. ఆ రోజు బ్లడ్ బ్యాంకుకు తనూ వస్తానన్నాడు ఆ కుర్రాడు. కెప్టెన్ ఇంకా జవాబివ్వలేదు.