నవ్వడానికి హైదరాబాదు దాకానా?

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, ఘుగ్గుస్‌లలో ఉన్న తెలుగువాళ్ల మధ్య ఒక మాట వేదవాక్కులా చలామణీ అవుతోంది. కామెడీ షోని టీవీలో చూస్తే ఏముంది, షూటింగులో కూర్చుని చూడాలి, అసలు మజా అంతా అక్కడే అని. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలయ్యాక ఈ నమ్మకం మరీ ముదిరింది. గనిలో డ్యూటీ మార్చుకుని, తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లను పట్టుకుని పాసు సంపాదించి, రాత్రి బండెక్కి సికింద్రాబాదులో దిగుతారు. తిరిగొచ్చాక నెల్లాళ్లు వాళ్లు చెప్పిందే కబురు. హైదరాబాదు వైపు చూడటం ఈ నేలకు కొత్తేమీ కాదనుకోండి. 1956 దాకా ఇక్కడి రాజురా తాలూకా హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలోదే.

అయినా ఈ మజా మాట నేనొప్పుకోను. షూటింగుకు వెళ్లినవాడు ప్రేక్షకుడు కాడు, కూలి లేని జూనియర్ ఆర్టిస్టు.

నేనూ ఒక షూటింగులో కూర్చున్నాను. ‘జబర్దస్త్’ కాదు, మరొకటి. దాని పేరు మనకు అనవసరం. స్టేజీ మీద ఇంకా ఎవరూ లేరు. మెడలో తువ్వాలు వేసుకున్న కుర్రాడొకడు వచ్చి “చప్పట్లు!” అన్నాడు, కొట్టాం. “ఇప్పుడు పడీ పడీ నవ్వాలి” అన్నాడు, నవ్వాం. “ఆశ్చర్యపోండి” అన్నాడు, నోళ్లు తెరిచాం. కెమెరా మా మొహాల మీదుగా నింపాదిగా తిరిగింది. ముందు వరసలో ముదురు రంగు చొక్కా వేసుకొచ్చిన ఓ పెద్దాయన్ని లేపి వెనక్కి పంపి, ఆ కుర్చీలో పసుపు చీర కట్టుకున్న ఆవిడను కూర్చోబెట్టారు. ఆయన ఏ ఊరి నుంచి వచ్చాడో, ఎన్నాళ్లుగా ఆ షో చూస్తున్నాడో అడిగిన నాథుడు లేడు. తర్వాత స్కిట్ మొదలైంది. మొదటిసారి నిజంగానే నవ్వొచ్చింది. మైకు పట్టలేదని మళ్లీ చేశారు. ఇంకో యాంగిల్ కావాలని మళ్లీ చేశారు. మూడోసారి నవ్వు మొహమాటం. ఆ మూడింట్లో ఏ నవ్వు ఏ జోకు మీద పడుతుందో ఎడిటింగు టేబుల్ దగ్గర తేలుతుంది. నేను ఎప్పుడు నవ్వానో నాకంటే వాళ్లకే బాగా తెలుసన్నమాట.

జనం ఎదురుగా ఉంటే నటుడు రెచ్చిపోతాడు కదా అంటారు. ఆ మాట నిజం. 1951లో అమెరికాలో ‘ఐ లవ్ లూసీ’ని అలాగే తీశారు. ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి, మూడు ఫిల్ము కెమెరాలు పెట్టి, నాటకం ఆడినట్టు వరసగా ఆడారు. నవ్వు తగ్గేదాకా నటులు తర్వాతి మాట పట్టుకుని ఆగేవారు. అక్కడ జనం నవ్వుకు విలువుంది, ఆట వేగాన్ని అదే నడిపింది. అయితే అదే దశాబ్దంలో, అదే దేశంలో చార్లెస్ డగ్లస్ అనే ఇంజనీరు నవ్వుల పెట్టె ఒకటి తయారుచేశాడు. మీట నొక్కితే ముసిముసి నవ్వు, ఇంకోటి నొక్కితే పగలబడి నవ్వు. ఇవాళ మనం పాసుల కోసం ఎగబడుతున్నది లూసీ ముందు కుర్చీ కోసం కాదు, ఆ పెట్టెలో మీటగా ఉండటం కోసం.

టీవీ హాస్యం మీద నాకు కక్ష లేదు. నేనూ చూస్తాను. అది ఇంట్లో కూర్చున్నవాడి కోసం చేసింది, కాబట్టి ఇంట్లోనే బాగుంటుంది. బాగా లేకపోతే ఛానెల్ మార్చే హక్కూ అక్కడే ఉంది. స్టూడియోలో లేచి బాత్రూముకు వెళ్లాలన్నా తువ్వాలు కుర్రాడి అనుమతి కావాలి.

జనం ముందు పుట్టే హాస్యమే కావాలంటే దానికి రైలెక్కక్కర్లేదు. వరికోతలయ్యాక మూల్, సిందేవాహీ, నాగ్‌భీడ్, బ్రహ్మపురి వైపు ఊళ్లలో ఝాడీపట్టీ నాటకాలు మొదలవుతాయి. పక్క జిల్లాలోని వడసా నుంచి కంపెనీలు దిగుతాయి. పగలు శంకరపట్ ఎడ్ల పందేలు, రాత్రి టికెట్టు కొనుక్కుని వచ్చిన జనం ముందు తెల్లవార్లూ నాటకం. అక్కడి హాస్యనటుడికి రీటేకు లేదు. మాట పేలితే సాగదీస్తాడు, పేలకపోతే అక్కడికక్కడే తుంచేసి ఇంకోటి అందుకుంటాడు. మన తోలుబొమ్మలాటలో బంగారక్క, జుట్టుపోలిగాడు చేసిన పని కూడా ఇదే. ఝాడీపట్టీ రంగస్థలం నుంచి వచ్చిన పరశురామ్ ఖుణేకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ పేరు చెబితే మా వాళ్లు “ఏ ఛానెల్?” అంటారు.

భాష రాదనే సాకు ఒకటుంది. బజారులో వంకాయల బేరం మరాఠీలో, పిల్లల బడి మరాఠీలో, మేస్త్రీతో గొడవ మరాఠీలో. నాటకం దగ్గరికొచ్చేసరికే భాష రాకుండా పోతుందా? పాసు కోసం ఎవరెవరినో బతిమాలే మా కుర్రాళ్లలో సిందేవాహీ వైపు ఒక్క నాటకమైనా చూసినవాడు ఎవడో చెయ్యెత్తమనండి.