టెట్ గైడ్లలో దొరకని ప్రశ్న

శిశు వికాసం, పెడగాజీ బట్టీ పట్టి టెట్, డీఎస్సీ రాస్తున్నారా? అయితే ఈ ప్రశ్నకు జవాబు చెప్పండి. తొమ్మిదో తరగతి అబ్బాయిని క్లాసులో అందరూ ‘తేడా’ అని ఏడిపిస్తున్నారు. వాడు బడికి సరిగా రావడం మానేశాడు. తనకు అమ్మాయిల మీద కాదు, అబ్బాయిల మీదే ఇష్టం కలుగుతోందని మీ ఒక్కరికే చెప్పాడు. ముందు మీరేం చేస్తారు? ఇంట్లో చెబుతారా? హెడ్మాస్టరుకు చెబుతారా? డాక్టరుకు చూపించమంటారా? ఏడిపిస్తున్నవాళ్లను ఆపుతారా?

సరైన జవాబు నాలుగోది. మిగతా మూడూ చాలామందికి సరైనవే అనిపిస్తాయి. అదే సమస్య. గురుకులంలోనో వెల్ఫేర్ హాస్టల్లోనో ఉండే పిల్లాడి సంగతి ఆలోచించండి. వాడి రహస్యం స్టాఫ్‌రూమ్‌కు చేరి, అక్కడి నుంచి ఇంటికి చేరితే, టీసీ చేతిలో పెట్టి పంపేస్తే చదువు అక్కడితో ఆగిపోతుంది. వాడు చెప్పమనే దాకా మీరు ఎవరికీ చెప్పకూడదు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఎవరైనా తనను లైంగికంగా వేధించారని చెబితే అప్పుడు గుట్టు ఉండదు, పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. ఇష్టం వేరు, వేధింపు వేరు. టీచరుకే ఈ తేడా తెలియకపోతే పిల్లలకు ఎవరు చెప్తారు?

తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులకు జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు. ఆ ఉద్యోగాల్లో చేరినవాళ్లు దశాబ్దాల పాటు ప్రభుత్వ బడుల్లోనే ఉంటారు. ఈ పిల్లాడు ఎప్పుడో ఒకప్పుడు వాళ్ల క్లాసులో కూర్చుంటాడు.

లైంగిక ధోరణి గురించి బడిలో చెప్పాలా అంటే, చెప్పాలి. కొంచెమే చెప్పాలి, సరిగ్గా చెప్పాలి. హైస్కూల్ జీవశాస్త్రంలో కౌమార దశ పాఠం ఎలాగూ ఉంది. అక్కడే ఇంకో నాలుగు వాక్యాలు చేరిస్తే సరిపోతుంది. ఈ వయసులో చాలామందికి అవతలి జెండర్ మీద ఆకర్షణ కలుగుతుంది, కొందరికి తమ జెండర్ మీదే, కొందరికి ఇద్దరి మీదా, కొందరికి ఎవరి మీదా కలగదు. ఇది జబ్బు కాదు, నేరం కాదు. దీని కోసం ఎవరినీ ఏడిపించకూడదు. అంతే! పత్రికలు వాడే ‘స్వలింగ సంపర్కం’ అన్న మాట కూడా పిల్లలకు అక్కర్లేదు. అది చేసే పనిని చెబుతుందే తప్ప మనసును చెప్పదు. ‘ఆకర్షణ’ చాలు.

జబ్బు కాదన్నది నా సొంత అభిప్రాయమేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని వ్యాధుల జాబితా నుంచి తీసేసింది. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న సెక్షన్ 377 తీర్పు ఇచ్చాక పెద్దవాళ్లు పరస్పర ఇష్టంతో ఏర్పరచుకునే సంబంధం నేరం కాదు. ‘మార్చేస్తాం’ అంటూ చేసే కన్వర్షన్ థెరపీని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో వృత్తిపరమైన తప్పుగా ప్రకటించింది. విచిత్రం ఏమిటంటే, 2024 ఆగస్టు చివర్లో అదే కమిషన్ ఎంబీబీఎస్ ఫోరెన్సిక్ మెడిసిన్ సిలబస్‌లో లెస్బియనిజాన్ని మళ్లీ అసహజ నేరాల కింద చేర్చింది. గొడవ కావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. డాక్టర్ల సిలబస్సే ఇలా ఊగిసలాడితే జిల్లా పరిషత్ హైస్కూల్ టీచరు ఏం చూసి పాఠం చెప్పాలి?

పాఠం వింటే పిల్లలు అలా అయిపోతారని తల్లిదండ్రులు భయపడతారు. మనం పుట్టినప్పటి నుంచీ చూసిన సినిమాలన్నీ హీరో, హీరోయిన్ ప్రేమకథలే కదా! అవి చూసి అందరూ ఒకేలా అయిపోలేదు. వాళ్ల ఇంకో భయం మాత్రం నాకూ ఉంది. శిక్షణ లేని సారు ముసిముసిగా నవ్వుతూ చెబితే, ఆ పిల్లాడిని మిగతావాళ్లు ఇంకా ఏడిపిస్తారు. అలాంటి పాఠం కంటే పాఠం లేకపోవడమే నయం.

అందుకే మొదట మారాల్సింది పాఠ్యపుస్తకం కాదు, డీఈడీ, బీఈడీ, టెట్ సిలబస్. సిలబస్‌లో లేనిది మనం చదవం, ఉన్నది వదలం. ఒక్క మార్కు ప్రశ్న వస్తుందంటే చాలు, కోచింగ్ సెంటర్లు వారంలో మెటీరియల్ దించేస్తాయి. మోడల్ పేపర్లు మొదలవుతాయి. లక్షల మంది చదువుతారు. వాళ్లలో ఉద్యోగం రానివాళ్లు కూడా రేపు తల్లిదండ్రులే.

ఇక్కడ కుదరదని అనకండి. జేఎన్టీయూ హైదరాబాద్‌లో బీటెక్ చేస్తున్నవాళ్లకు జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్ తెలిసే ఉంటుంది. క్రెడిట్లు లేవని అటెండెన్స్ కోసం కూర్చుంటారు, అది వేరే విషయం. 2015లో దాని కోసం తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల్లోనూ పాఠ్యపుస్తకం తయారైంది, తెలుగు అకాడమీ ప్రచురించింది. ఆడ, మగ అన్న రెండు గడుల్లో ఇమడనివాళ్ల గురించీ అందులో ఉంది. అది ధోరణి గురించి కాదు, జెండర్ గుర్తింపు గురించి. కానీ ఇలాంటి విషయాన్ని మన మాటల్లో, మన విద్యార్థులకు రాయవచ్చని అది చూపించింది. ఎస్‌సీఈఆర్‌టీలు మొదలుపెట్టడానికి ఆ పుస్తకం పక్కనే ఉంది.